బండి ఆగకముందే మెకానిక్‌ని వెతుక్కోండి

మన నెల్లూరు జిల్లా సంగంలో బండి మొరాయిస్తే ఎవరూ కంగారుపడరు. నెల్లూరు–ముంబై రోడ్డు పక్కన ఏదో ఒక షెడ్డు ఉంటుంది. ఆ మెకానిక్‌కి మీ నాన్న తెలుసు, బండి ఎవరి దగ్గర కొన్నారో తెలుసు, పోయినసారి ఏ సామాను మార్చాడో కూడా గుర్తుంటుంది. డబ్బులు చాలకపోతే "రేపియ్యిలే నాయనా" అంటాడు. పని చెడగొడితే సాయంత్రానికి ఊరంతా పొక్కుతుంది కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాడు. ఆత్మకూరులోనూ అంతే, ఉదయగిరిలోనూ అంతే. ఆ నమ్మకం మన పెద్దవాళ్ళు ఎప్పుడో సంపాదించి పెట్టింది. మనం దాన్ని వాడుకుంటున్నాం.

అదే బండి చెన్నైలో వడపళని దగ్గర ఆగిందనుకోండి. లేదా హైదరాబాదులో కూకట్‌పల్లి దగ్గర. అరగంట నెట్టుకుంటూ పోయాక కనిపించిన మొదటి షెడ్డే మన షెడ్డు అవుతుంది. చెమటలు కారుతుంటాయి, ఆఫీసుకు టైమవుతుంటుంది, చెన్నైలో అయితే అక్కడి భాష సగమే అర్థమవుతుంది. మెకానిక్ నాలుగు కిక్కులు కొట్టి "ఇంజిన్ దించాల" అంటే తల ఊపేస్తాం. ఎందుకని అడగం. ఎంతవుతుందని కూడా గట్టిగా అడగం. సాయంత్రం బిల్లు చూశాక నెలాఖరు దాకా ఆ లెక్కే తలలో తిరుగుతుంటుంది.

నగరంలో అందరూ మోసగాళ్ళే అనుకోవడం అన్యాయం. మంచి పనివాళ్ళు మన ఊళ్ళోకంటే అక్కడే ఎక్కువమంది ఉంటారు, ఎందుకంటే అక్కడ బండ్లూ ఎక్కువే. వాళ్ళు మనకు దొరకకపోవడానికి కారణం మనం వెతికే వేళ. బండి చెడ్డాక వెతుకుతాం. అవసరం పీకల మీద ఉన్నప్పుడు ఎవరికీ సరిగ్గా చూడటం చేతకాదు. బండి చక్కగా నడుస్తున్న రోజుల్లోనే నలుగురిని అడిగి, నాలుగు షెడ్లు చూసి, ఒక చిన్న పని అప్పగించి చూసినవాడికి మంచి మెకానిక్ తప్పక దొరుకుతాడు. ఈ మూడు పనులూ ఎవరైనా నేర్చుకోగలిగినవే. ఒకసారి ఒంటబడితే అద్దె ఇల్లు చూసేటప్పుడూ, ఉద్యోగంలో చేరేటప్పుడూ అవే అక్కరకొస్తాయి.

ఎవరిని అడగాలి?

ఫోనులో "నియర్ మీ" అని కొడితే పాతిక షాపులు కనిపిస్తాయి, అన్నిటికీ స్టార్లుంటాయి. వాటిని చూడొద్దనను. కాకపోతే ఆ స్టార్లు ఇచ్చినవాళ్ళలో చాలామంది ఒక్కసారి వెళ్ళివచ్చినవాళ్ళు. బండి మీదే బతికేవాళ్ళ మాటకు విలువ ఎక్కువ. సిగ్నల్ దగ్గర, హోటల్ ముందు ఆర్డరు కోసం ఎదురుచూసే డెలివరీ కుర్రాణ్ణి అడగండి: "అన్నా, నీ బండి యాడ చేయిస్తావు?" అతని బండి పొద్దున్నుంచి రాత్రిదాకా తిరుగుతుంది. ఒక పూట షెడ్డులో ఉంటే ఆ పూట సంపాదన పోయినట్టే. చెత్త పని చేసే మెకానిక్ దగ్గరికి అతను రెండోసారి పోడు. ఎక్కువ గుంజేవాడి దగ్గరికీ పోడు. బైక్ ట్యాక్సీ నడిపేవాళ్ళు, తెల్లవారుజామున పేపర్లు వేసేవాళ్ళు, వాటర్ క్యాన్లు మోసేవాళ్ళ సంగతీ అంతే. ముగ్గురిని అడిగితే ఇద్దరు ఒకే పేరు చెప్పడం మీరే చూస్తారు.

చాలామందికి తట్టని చోటు ఇంకోటుంది, స్పేర్ పార్ట్స్ దుకాణం. ఏ మెకానిక్ ఒరిజినల్ సామాను కొంటాడో, ఎవడు చవక సామాను కొని ఒరిజినల్ ధర వేసుకుంటాడో ఆ కౌంటర్ వెనక నిలబడ్డ మనిషికి తెలుసు. అలాగే లేత్ షాపు. ఇంజిన్ బోరింగ్ పని షెడ్డులో జరగదు, సిలిండర్‌ని లేత్‌కి పంపుతారు. ఎవరి ఇంజిన్లు చేసిన కొన్నాళ్ళకే తిరిగొస్తాయో లేత్ నడిపే మనిషి కళ్ళారా చూస్తుంటాడు. ఒక ప్లగ్గో, బల్బో కొంటూ నెమ్మదిగా మాట కలపండి. ఫలానావాడు మోసగాడని ఎవరూ చెప్పరు కానీ, "ఆయన పని బాగుంటది" అని మాత్రం ధైర్యంగా చెబుతారు. ఆ ఒక్క మాట చాలు.

భాష గురించి భయపడకండి. చెన్నై ఉత్తరపు పేటల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు, బెంగళూరులోనూ తెలుగు అర్థమయ్యే మెకానిక్‌లు చాలామంది ఉన్నారు. హైదరాబాదు పాత షెడ్లలో హిందీ, ఉర్దూ నడుస్తాయి. చెన్నైలో "అణ్ణా", హైదరాబాదులో "భాయ్" అని మొదలుపెట్టి, మిగతాది మీకొచ్చిన భాషలో చెప్పండి. బ్రేకు, క్లచ్, చైను, ప్లగ్గు అనే మాటలు అన్నిచోట్లా ఒకటే. తప్పుల్లేకుండా మాట్లాడదామని నోరు మూసుకుని నిలబడితే నష్టపోయేది మీరే.

వెళ్ళి నిలబడి చూడండి

పేరు తెలిశాక వెంటనే బండి అప్పగించొద్దు. ఉదయగిరిలో చెక్క గరిటెలు కొనేవాళ్ళని చూడండి. చేతిలోకి తీసుకుని, పిడి తడిమి, అంచు మీద వేలు నడిపి, తిప్పి చూశాకే ధర అడుగుతారు. షెడ్డునీ అలాగే చూడాలి. పొద్దున పదింటి ప్రాంతంలో వెళ్ళి ఎదురుగా టీ తాగుతూ పావుగంట నిలబడితే బోర్డు మీద లేనివన్నీ కనిపిస్తాయి.

విప్పిన బోల్టులు ఎక్కడ పెడుతున్నారు? ఒక ట్రేలోనో, డబ్బాలోనో పెడుతుంటే ఆ చేతికి పద్ధతి ఉందని అర్థం. నేల మీద మట్టిలో దొర్లుతుంటే రేపు మీ బండికీ ఒక బోల్టు తక్కువవుతుంది. సరైన స్పానర్ వాడుతున్నారా, లేక ప్రతిదానికీ కటింగ్ ప్లయరూ సుత్తీనేనా? ట్యాపెట్లు సరిచేసేటప్పుడు ఫీలర్ గేజ్ పెట్టి చూస్తున్నాడా, చెవితోనే సరిపెడుతున్నాడా? చెవి బాగా పనిచేసే పాతకాలపు మేస్త్రీలున్నారు, వాళ్ళంటే నాకెంతో గౌరవం. అయినా గేజ్ తీసి చూసుకునేవాణ్ణే నేను ఇంకాస్త నమ్ముతాను. బండి వచ్చీ రాగానే "ఇది మార్చాల" అనేస్తాడా, ముందు స్టార్ట్ చేసి విని, ఒక రౌండు తిప్పి వచ్చి అప్పుడు నోరు తెరుస్తాడా? మంచి మెకానిక్‌ని ఇంతకంటే త్వరగా పట్టిచ్చే గుర్తు నాకు తెలియదు.

ఇంకో సంగతి కూడా చూడండి. పనిలో పసిపిల్లలున్నారా? పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో పని చేయించడం చట్టరీత్యా నేరం. 2016 సవరణ తర్వాత దాదాపు ఏ వృత్తిలోనూ దానికి చోటు లేదు. స్పానర్ అందించే బడి ఈడు పిల్లవాడు కనిపిస్తే ఆ షెడ్డు ఎంత చవకైనా మనకొద్దు. అలాంటివి 1098కి ఫోన్ చేసి చెప్పొచ్చు.

మీ బండికి ఏ షెడ్డు సరిపోతుందన్నదీ ఆలోచించాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్–6 నిబంధన వచ్చాక దాదాపు అన్ని కొత్త బండ్లలో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంతకు ఏడాది ముందే, 2019 ఏప్రిల్ నుంచి, 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరైంది. వీటిలో సెన్సర్లుంటాయి. మీటర్ మీద పసుప్పచ్చ ఇంజిన్ లైటు వెలిగితే లోపలి కోడ్ చదవడానికి స్కానర్ కావాలి. "స్కానర్ ఉందా అన్నా?" అని అడగడం తప్పేమీ కాదు. లేదంటే ఆ పనికి ఇంకో చోటికి వెళ్ళండి. వారంటీలో ఉన్న బండిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్ళాలి, ఫ్రీ సర్వీసులు తేదీ దాటనివ్వకూడదు. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ, మోటారు జోలికి మామూలు షెడ్డును రానివ్వొద్దు. నాన్న ఇచ్చిన పాత స్ప్లెండర్ లాంటి కార్బొరేటర్ బండికి మాత్రం చేయి తిరిగిన షెడ్డు మెకానిక్ దొరికితే అంతకంటే ఏమీ అక్కర్లేదు.

పాత బుల్లెట్ ఉన్నవాళ్ళకు చెన్నై పుట్టిల్లు. ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో అక్కడే మొదలైంది, తిరువొత్తియూరు ఫ్యాక్టరీ పేరు తెలియని బుల్లెట్ మెకానిక్ ఉండడు. పుదుప్పేటలో పాత సామానూ, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త సామానూ దొరుకుతాయి. సికింద్రాబాదులో రాణిగంజ్, బెంగళూరులో జేసీ రోడ్డు అలాంటి చోట్లే. పాత సామాను కొనేటప్పుడు మాత్రం ఒక పట్టుదల ఉండాలి: బిల్లు లేనిదేదీ కొనకూడదు. ఎవడి బండి నుంచో ఊడబీకిన సామాను మన బండికి ఎక్కితే పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

బండి కథ చెప్పడం నేర్చుకోండి

ఎక్కువమంది యువకులు తడబడేది ఇక్కడే. షెడ్డు ముందు బండి ఆపి "అన్నా, బండి బాలేదు, చూడు" అంటారు. లేదా ఎవరో చెప్పింది విని "క్లచ్ ప్లేట్లు పోయినయి, మార్చు" అంటారు. మొదటి మాటలో సమాచారం లేదు. రెండో మాటలో తీర్పు ఉంది, అది తప్పయితే ఖర్చు మీదే. మీరడిగిన క్లచ్ ప్లేట్లు అతను మారుస్తాడు, డబ్బు తీసుకుంటాడు, జబ్బు అలాగే ఉంటుంది.

మీకు కనిపించింది, వినిపించింది చెప్పండి. "పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, ఇంజిన్ వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్ట్ కావడం లేదు." "మూడో గేరులో ఎక్సలేటర్ ఇస్తే శబ్దం పెరుగుతోంది, బండి మాత్రం ముందుకు లాగడం లేదు." "నలభై దాటితే హ్యాండిల్ వణుకుతోంది, పది రోజుల కింద గుంతలో పడ్డాక మొదలైంది." ఎప్పుడు, ఏ గేరులో, ఎంత వేగంలో, ఎప్పటి నుంచి, దేని తర్వాత అనే వివరాలుంటే మెకానిక్ పని సగం తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ మనిషి తన బండిని గమనిస్తాడని అతనికి తెలుస్తుంది. గమనించేవాడి దగ్గర లేని జబ్బు చెప్పడానికి ఎవరైనా జంకుతారు.

మన ప్రాంతపు బండ్లకు వెనకటి చరిత్ర కూడా ఉంటుంది. నగరం మెకానిక్‌కి అది తెలిసే వీలు లేదు. రోజూ రెండు పాల క్యాన్లు మోసిన బండికి వెనక షాకబ్జర్లు, స్వింగార్మ్ బుష్‌లు ముందుగా అరుగుతాయి. కాలవ గట్ల మీద, వరి మళ్ళ పక్కన తిరిగిన బండి చైను బురద తిని ఉంటుంది. ఉదయగిరి మెట్ట దారుల దుమ్ము మింగిన బండిలో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి మైలేజీ పడిపోతుంది. "ఈ బండి ఊళ్ళో ఇట్లా తిరిగింది" అని రెండు ముక్కలు చెప్పండి. ఊళ్ళో మెకానిక్‌కి ఎవరూ చెప్పకుండానే తెలిసిన సంగతిని, ఇక్కడ మీరే నోరు విప్పి చెప్పుకోవాలి.

పొగ రంగు తెలిసి ఉండటం కూడా మేలు. నల్లటి పొగ వస్తుంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని అర్థం. ఫిల్టర్ శుభ్రంతోనో కార్బొరేటర్ సర్దుబాటుతోనో తీరే అవకాశం ఉంది. నీలి పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. దానికి పిస్టన్ రింగులు కారణం కావచ్చు, వాల్వ్ సీళ్ళు కారణం కావచ్చు. సీళ్ళే అయితే పూర్తి బోరింగ్ అక్కర్లేదు, ఖర్చులో చాలా తేడా ఉంటుంది. అందుకే "ఇంజిన్ దించాల" అన్న మాట వినగానే రెండు ప్రశ్నలు అడగండి: "కంప్రెషన్ చూశారా? సీళ్ళా, రింగులా?" జవాబు చెప్పడానికి ఓపిక లేని షెడ్డు నుంచి బండి నెట్టుకుంటూ బయటికి రావడానికి సిగ్గుపడకండి. పెద్ద పనికి ఇంకో మెకానిక్ మాట వినడం మీ హక్కు.

స్కూటీలు నడిపే అమ్మాయిలకు ఒక మాట. షెడ్డుకు తమ్ముణ్ణో స్నేహితుణ్ణో పంపొద్దు, మీరే వెళ్ళండి. బండి నడిపేది మీరు, దాని శబ్దం తెలిసింది మీకు. మెకానిక్ మీ పక్కనున్న మగవాడి వైపు తిరిగి మాట్లాడితే, "బండి నాది, నాకు చెప్పండి" అని మామూలు గొంతుతో అనండి. ఆ ఒక్క వాక్యం చాలామందిని సర్దుకునేలా చేస్తుంది. సర్దుకోనివాడి దగ్గరికి మళ్ళీ పోనక్కర్లేదు.

మొదటి పని చిన్నదై ఉండాలి

కొత్త షెడ్డుకు ఇవ్వాల్సిన మొదటి పని ఆయిల్ మార్పిడి. చైను బిగింపు, బ్రేకు సర్దుబాటు కూడా దానితో కలపొచ్చు. ఖర్చు తక్కువ, మనిషిని చదవడానికి అవకాశం ఎక్కువ. ముందుగా మీ బండి మాన్యువల్లో ఏ ఆయిల్ రాశారో చూసుకోండి. 10డబ్ల్యూ–30 అని ఉంటే అదే అడగండి, 20డబ్ల్యూ–40 అని ఉంటే అది. డబ్బా సీలు మీ ఎదుటే తీయమనండి. గేర్ల బండికైతే డబ్బా మీద జాసో ఎమ్ఏ లేదా ఎమ్ఏ2 అన్న గుర్తు ఉండాలి. అలాంటి బండిలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్ల కోసం చేసే కొన్ని ఆయిళ్ళలో జారుడు పెంచే రసాయనాలుంటాయి, అవి పోస్తే క్లచ్ జారుతుంది. ఈ సంగతి మీరు అడిగినప్పుడు అతను విసుక్కుంటాడా, "కరెక్టే తమ్ముడూ" అని డబ్బా తిప్పి చూపిస్తాడా? రేపు పెద్ద పనిలో మీకు ఎదురయ్యేది ఏ మనిషో అప్పుడే తెలిసిపోతుంది. తీసిన పాత ఆయిల్ ఎక్కడ పోస్తున్నాడో కూడా చూడండి. డ్రమ్ములో దాచి అమ్మేవాడికీ మురుక్కాలవలో ఒంపేవాడికీ చాలా తేడా ఉంది.

తర్వాతి పనులకు మూడు అలవాట్లు పెట్టుకోండి. పని మొదలుకాక ముందే అంచనా ఖర్చు చెప్పించుకుని, "ఇంతకు మించితే ఫోన్ చేయండి, నేను సరే అన్నాకే చేయండి" అనండి. తీసేసిన పాత సామాను తిరిగి అడిగి తీసుకోండి. కొత్త సామాను ప్యాకెట్ మీద ధర, పార్ట్ నంబరు చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి బైకు విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి పాత ధరే వేస్తున్నారేమో గమనించండి. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న షెడ్డుకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అంతమాత్రాన కాగితమే ఇవ్వకూడదని కాదు. తేదీ, బండి నంబరు, చేసిన పని, తీసుకున్న డబ్బు ఒక చీటీ మీద రాసి సంతకం చేయమంటే నిజాయితీగా పనిచేసేవాడు కాదనడు. డబ్బు యూపీఐలో ఇస్తే మీ దగ్గర దానికి రుజువూ ఉంటుంది.

బండి తీసుకునేటప్పుడు మెకానిక్‌ని వెనక కూర్చోబెట్టుకుని ఒక రౌండు వేయండి. ముందు బ్రేకులు, తర్వాత క్లచ్, ఆ తర్వాత లైట్లు, హారన్. వీధి చివర్లోనే తేడా తెలిస్తే అతను అక్కడే సరిచేస్తాడు.

మీరూ మంచి కస్టమర్ కావాలి

దీని గురించి ఎవరూ చెప్పరు గనక కాస్త ఎక్కువే చెబుతాను. లేబర్ చార్జీ దగ్గర గీచి గీచి బేరమాడొద్దు. ఆ మనిషి ఎండలో, ఆయిల్ మరకల్లో, రోజంతా నేల మీద కూర్చుని చేసే పనికి దక్కేది ఆ డబ్బే. అందులో యాభై తగ్గించి మీరు గెలిచామనుకుంటే, అతను ఆ యాభైని సామానులో రాబట్టుకోవాల్సిన పరిస్థితి మీరే తెచ్చారు. సామాను ధర గట్టిగా అడగండి, శ్రమకు గౌరవంగా ఇవ్వండి.

శనివారం సాయంత్రం వెళ్ళి "అర్జంటు" అనొద్దు. ఆ వేళకు ప్రతి షెడ్డులోనూ బండ్లు బారులు తీరి ఉంటాయి, ఎంత మంచివాడైనా హడావిడిగానే చేస్తాడు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్ళండి. పని చేస్తుంటే తల మీద నిలబడి సలహాలివ్వొద్దు. పక్కన కూర్చుని చూడండి, అర్థంకానిది పని అయ్యాక అడగండి. చైను ఎంత వదులుండాలో, టైర్లలో గాలి ఎంత కొట్టాలో, ప్లగ్గు ఎలా విప్పి తుడవాలో అలా చూసే నేర్చుకోవచ్చు. ఆ పాటి పనులు మీ గది ముందు మీరే చేసుకుంటుంటే, మెకానిక్ మిమ్మల్ని చూసే చూపు మారుతుంది. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి, ఏ కిలోమీటరు దగ్గర ఏం మార్చారో రాయండి. పని బాగా చేసిన రోజు "బండి బాగా నడుస్తోందన్నా" అని ఒక్క ఫోన్ చేయండి. చెడిపోయినప్పుడు మాత్రమే మోగే ఫోన్లతో విసిగిపోయిన మనిషికి ఆ మాట చాలా రోజులు గుర్తుంటుంది.

ఈ పరిచయం విలువ ఆపద రోజున తెలుస్తుంది. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నైనీ మన నెల్లూరు జిల్లానీ కూడా తడిపేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్ళతోపాటు బండ్లూ నీళ్ళలో నానాయి. అలాంటి రోజుల్లో ప్రతి షెడ్డు ముందూ వరుసలే. ముందే పరిచయమున్న మెకానిక్ అయితే కనీసం ఫోన్లో చెబుతాడు: సెల్ఫ్ నొక్కొద్దు, కిక్ కొట్టొద్దు, ప్లగ్గు విప్పు, ఆయిల్ దించెయ్యి. నీళ్ళు గాలిలాగా అణగవు. సిలిండర్లో నీళ్ళుండగా ఇంజిన్ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, కొద్ది ఖర్చుతో తేలాల్సింది ఇంజిన్ మొత్తానికి రావచ్చు. దించిన ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిసినట్టు. అప్పుడు ఒకసారి కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి, దాన్నీ తీసేసి మళ్ళీ పోయాలి. ఇన్సూరెన్స్ ఉంటే విప్పకముందే ఫోటోలు తీసి కంపెనీకి తెలపాలి.

అన్నీ చూసుకున్నా ఎక్కడో ఒకచోట దెబ్బ తగలొచ్చు. చేయని పనికి డబ్బు తీసుకోవడం, మార్చని సామాను మార్చామనడం వినియోగదారుల చట్టం కిందికొస్తాయి. ముందు మర్యాదగా, కాగితం చూపించి మాట్లాడండి. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 చట్టం ప్రకారం, పని జరిగిన ఊళ్ళోనే కాక మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనూ ఫిర్యాదు వేయొచ్చు. హైదరాబాదులో చేయించిన పని గురించి, మీరు ఊళ్ళోనే ఉంటున్నట్లయితే, నెల్లూరులో కేసు వేసుకోవచ్చు. అప్పుడు పనికొచ్చేది ఆ చీటీ, ఆ యూపీఐ రసీదు, ఆ పాత సామానే.

ఇంటి పెద్దలకూ ఒక విన్నపం. బిడ్డకు బండి ఇచ్చి నగరానికి పంపేటప్పుడు ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలతోపాటు మాన్యువల్, టూల్ కిట్, రెండో తాళం కూడా ఇవ్వండి. నెల్లూరు స్టేషన్లో రైలు పార్సిల్లో వేస్తే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలని, దిగాక నేరుగా మెకానిక్‌కి చూపించి బ్రేకులు సరిచూసుకుని రోడ్డెక్కమని చెప్పండి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలన్న సంగతీ చెప్పండి. తెలంగాణ కూడా ఇప్పుడు వేరే రాష్ట్రమే.

ఇక సంగం, ఆత్మకూరు, ఉదయగిరి నుంచి వెళ్ళి చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఎప్పుడో స్థిరపడినవాళ్ళతో చివరిమాట. మీకు నమ్మకమైన మెకానిక్ దొరికి ఉంటే ఆ పేరు మీ దగ్గరే ఉంచుకోకండి. ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడికో అమ్మాయికో ఫోన్ నంబరు పంపి ఊరుకోకుండా, మొదటిసారి మీరే వెంట వెళ్ళి "మా ఊరి పిల్లలు, జాగ్రత్తగా చూడు" అని చెప్పి రండి. మన ఊళ్ళో మనకోసం పెద్దవాళ్ళు చేసింది అదే. అక్కడ ఆ పని చేయాల్సింది మీరు.